ముదురు మామిడి తోట తీసేయాలంటే జేసీబీయా, పొక్లెయినా, రంపం మిషనా?

నూజివీడు దగ్గర మా నాన్న వేసిన నాలుగెకరాల బంగినపల్లి తోట తీసేయాలా వద్దా అని మా ఇంట్లో రెండేళ్లు మాట్లాడుకున్నాం. తీసేద్దాం అనుకున్నాక మాత్రం తొందరపడ్డాం. ముందు చెట్లను కట్టెల వ్యాపారికి అమ్మేశాం. అతను మనుషుల్ని పెట్టి, రంపం మిషన్లతో నేలబారుగా కోసుకుని దుంగలు లారీలకు ఎత్తుకుపోయాడు. పొలంలో నూట అరవై మొద్దులు మిగిలాయి. వాటిని పెకలించడానికి జేసీబీని పిలిస్తే, ఆపరేటర్ పొలమంతా ఒకసారి తిరిగి చూసి, "మొద్దు మీద నాలుగడుగులు ఉంచి కోయించి ఉంటే సగం టైంలో అయిపోయేదండీ" అన్నాడు. ఆ మాట నిజమని మొదటి రోజు సాయంత్రానికే బండి గంటల మీటర్ రీడింగ్ చూసి అర్థమైంది.

అందుకే ఏ మిషన్ మంచిదని ఎవరు అడిగినా నేను ముందు మొద్దు గురించి చెబుతాను. చెట్టును పడగొట్టడం తేలిక. ఖర్చంతా వేరు దగ్గరే ఉంటుంది. ఆ వేరును ఎంత లోతు తీయాలనేది, ఆ నేలలో తర్వాత ఏం వేస్తామన్న దాన్నిబట్టి ఉంటుంది. ఈ రెండూ తేల్చుకోకుండా గంట రేట్లు పోల్చి లాభం లేదు.

అసలు తీయాల్సిన తోటేనా?

ముందు ఇది చూసుకోండి, ఎందుకంటే కొన్ని తోటలకు మిషనే అక్కర్లేదు. చెట్లు బాగా ఎదిగి, కొమ్మలు కలిసిపోయి, లోపలికి ఎండ దిగక కాపు తగ్గిపోతే అది చెట్టు చచ్చిపోయిందని కాదు. లక్నోలోని కేంద్ర ఉద్యాన పరిశోధన సంస్థ సీఐఎస్‌హెచ్ ఇలాంటి ముదురు మామిడి చెట్లను డిసెంబరు, జనవరి నెలల్లో పైనుంచి కత్తిరించి కొత్త చిగుళ్లు తెప్పించే పద్ధతిని చాలా కాలంగా చెబుతోంది. కోసిన చోట తెగులు పట్టకుండా బోర్డో పేస్టు గానీ, కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద గానీ పూయాలి. గుంపుగా వచ్చిన చిగుళ్లలో బలమైనవి ఉంచి మిగతావి తీసేయాలి. రెండు మూడేళ్లు ఓపిక పడితే మళ్లీ కాపు వస్తుంది. దీనికి కావలసింది రంపం మిషన్, చెట్టెక్కగలిగే మనిషి, అంతే. ముదురు తోటల పునరుద్ధరణకు కేంద్ర ఉద్యాన పథకం ఎంఐడీహెచ్‌లో సాయం కూడా ఉంది, మీ ఉద్యాన అధికారిని అడగండి.

కానీ కాండం తొలిచే పురుగు పట్టి చెట్టు మొదలు దగ్గర రంపపు పొట్టు రాలుతున్నా, కాండం లోపల తొర్ర పడినా, తోటలో మూడో వంతు చెట్లు ఇప్పటికే పోయి ఖాళీలు పడినా తల కత్తిరించి లాభం లేదు. మా తోట సంగతి అదే. నరికిన చెట్టుకు పురుగు ఇంకా తొందరగా పడుతుంది.

తీసేద్దాం అనుకుంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం గుర్తుంచుకోండి. 2002లో వచ్చిన ఈ చట్టంలో చెట్ల నరికివేతకు అనుమతుల సంగతి ఉంది. మీ చెట్లకు అనుమతి కావాలో లేదో, కలప రవాణాకు పర్మిట్ కావాలో లేదో ముందే అటవీ శాఖ ఆఫీసులో కనుక్కోండి. దుంగలు లారీ ఎక్కాక దారిలో ఆపితే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు.

రంపం మిషన్

ఏ పద్ధతిలో తీసినా రంపం తప్పదు. పొక్లెయిన్‌తో చెట్టును వేళ్లతో సహా తోసేసినా, తర్వాత ముక్కలు కోయాలి కదా. మామిడి బోదె లావుగా ఉంటుంది కాబట్టి 18 నుంచి 22 అంగుళాల బ్లేడు, 50 సీసీ పైన ఇంజిన్ ఉన్నది కావాలి. కరెంటు రంపాలు, బ్యాటరీ రంపాలు కొమ్మల వరకే.

కొనాలా అని చాలామంది అడుగుతారు. తోట తీయడానికి మాత్రమే అయితే కొనొద్దు. పని చేసేవాళ్లు తమ మిషన్‌తోనే వస్తారు, వాళ్ల చేతికి అలవాటైన మిషన్ వాళ్లకే భద్రం. ఇంకో తోట ఉండి ఏటా కొమ్మ కత్తిరింపులు చేసేవాళ్లయితే 16 అంగుళాల చిన్నది కొనుక్కుంటే పనికొస్తుంది. టూ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలో పుస్తకంలో ఉన్నట్టే కలపండి. "చూపుకి పోసేయడం" వల్లే చాలా మిషన్లు సీజ్ అవుతాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రంపం బ్లేడు కొన కొమ్మకు తగిలితే మిషన్ ఎగిరి మొహం మీదికి వస్తుంది. చెప్పులతో, లుంగీతో, హెల్మెట్ లేకుండా కోస్తున్న మనిషిని మీ పొలంలో పని చేయనివ్వకండి. మరో చెట్టు మీద వాలి ఆగిపోయిన చెట్టు కింద ఎవర్నీ నిలబడనివ్వకండి. కూలి ఇచ్చేది మనం, ఆ మనిషి క్షేమంగా ఇంటికి వెళ్లే పూచీ కూడా మనదే.

జేసీబీ

మనం జేసీబీ అని పిలిచేది ముందు లోడర్ బకెట్, వెనక తవ్వే బకెట్ ఉన్న చక్రాల బండిని. బరువు దాదాపు 7.5 టన్నులు, ఇంజిన్ 75 హార్స్‌పవర్ అటూ ఇటూ. దీని గొప్పతనం మూడు విషయాల్లో ఉంది. రోడ్డు మీద తనంతట తానే నడిచి వస్తుంది కాబట్టి ట్రైలర్ ఖర్చు లేదు. ప్రతి మండలంలోనూ దొరుకుతుంది. మొద్దు తీశాక అదే బండి ముందు బకెట్‌తో గుంత పూడ్చి చదును కూడా చేస్తుంది.

ఇబ్బంది ఎక్కడంటే, వెనక బకెట్‌తో తవ్వాలంటే ప్రతిసారీ కాళ్లు దించుకుని నిలబడాలి. మామిడి మొద్దుకు చుట్టూ వేర్లు తెంచాలి కాబట్టి రెండు మూడు వైపుల నుంచి తవ్వాలి. అంటే కాళ్లు ఎత్తడం, తిరగడం, మళ్లీ దించడం. సగం టైం దానికే పోతుంది. నలభై ఏళ్ల మామిడి పక్కవేర్లు మనిషి తొడంత లావు ఉంటాయి. వాటి దగ్గర బండి ముందు చక్రాలు లేచిపోవడం నేను కళ్లారా చూశాను. మూడడుగుల బకెట్‌కు బదులు అడుగున్నర, రెండడుగుల సన్న బకెట్ ఉంటే బలమంతా ఒక చోట పడి వేరు తేలిగ్గా తెగుతుంది. బండి మాట్లాడుకునేటప్పుడే సన్న బకెట్ ఉందా, దాని పళ్లు అరిగిపోయాయా అని అడగండి. ఈ రెండు ప్రశ్నలు గంట రేటు బేరం కంటే ఎక్కువ డబ్బు మిగులుస్తాయి.

ముందు లోడర్‌తో నిలువు చెట్టును తోయమని మాత్రం ఆపరేటర్‌ను బలవంతపెట్టకండి. ఎండు కొమ్మ విరిగి క్యాబిన్ మీద పడే ప్రమాదం ఉంది.

బత్తాయి, నిమ్మ, జామ తోటలకు జేసీబీని మించింది లేదు. బత్తాయి వేర్లు ఎక్కువ భాగం పైన రెండడుగుల లోపే ఉంటాయి. ఎకరాకు నూటపది దాకా చెట్లున్నా ఒక్కోదానికి కొద్ది నిమిషాలే. నల్లగొండ, అనంతపురం వైపు వేరుకుళ్లుతో తోటలు తీసేవాళ్లు దీంతోనే తీస్తారు, అది సరైన ఎంపికే. అక్కడ చూసుకోవలసింది ఇంకొకటి: తెగులు పట్టిన వేరు ముక్కలు నేలలో ఉండిపోకూడదు. మొద్దు లేచాక కల్టివేటర్ తోలించి, మనుషులతో వేర్లు ఏరించి కాల్చేయాలి.

పొక్లెయిన్

కొందరు హిటాచీ అంటారు, కొందరు పొక్లెయినర్ అంటారు. పట్టాల మీద నడిచే, చుట్టూ తిరిగే బండి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది 20 టన్నుల తరగతి. 7 టన్నులవి, 14 టన్నులవి కూడా దొరుకుతాయి.

ముదురు మామిడికి, చింతకు, పనసకు ఇదే అసలైన బండి. ఒక చోట నిలబడి చుట్టూ తిరిగి తవ్వుతుంది. చేయి పొడుగు కాబట్టి చెట్టును మొదట్లో కాకుండా ఎత్తులో పట్టి తోయగలదు. ఇక్కడే మా ఆపరేటర్ చెప్పిన నాలుగడుగుల సంగతి అర్థమవుతుంది. పైన కాండం ఉంటే అదొక గునపంలా పనిచేస్తుంది. మూడు వైపులా పక్కవేర్లు తెంచి, కాండం పై కొనను నాలుగో వైపుకు తోస్తే, తల్లివేరు తనంతట తానే విరిగి మొత్తం దిమ్మెలా లేస్తుంది. నేలబారుగా కోసిన మొద్దుకు ఆ పట్టు ఉండదు. చుట్టూ గొయ్యి తవ్వి, ముక్కలు ముక్కలుగా చీల్చి తీయాల్సి వస్తుంది. గొయ్యి పెద్దదవుతుంది, పైమట్టి కిందికి, కింది మట్టి పైకి వస్తుంది.

ఇంకో పద్ధతి, చెట్టును అసలు కోయకుండానే నిలువునా పొక్లెయిన్‌తో పడేయడం. చెట్టు బరువే వేరును లాగేస్తుంది. మిషన్ గంటలు చాలా తగ్గుతాయి. దీన్ని కట్టెల వ్యాపారులు ఒప్పుకోరు, ఎందుకంటే బోదెకు మట్టి అంటి రంపం చైన్ ఊరికే మొద్దుబారుతుంది. ఆ మేరకు రేటు తగ్గించి అడుగుతారు. అయినా లెక్క వేసుకోండి, చాలాసార్లు ఆ తగ్గింపు కంటే మిషన్ మీద మిగిలేదే ఎక్కువ.

20 టన్నుల బండి రోడ్డు మీద నడవదు, ట్రైలర్ మీద రావాలి. రానూపోనూ ఆ కిరాయి మీదే. అందుకే చిన్న తోటకు ఇది గిట్టదు. ఎంత చిన్న తోటకు? ఉదాహరణకు ఇలా లెక్క కట్టండి. జేసీబీ గంటకు 1,200 అడిగి, గంటకు మూడు మొద్దులు తీసిందనుకుందాం. మొద్దుకు 400. పొక్లెయిన్ గంటకు 2,400 అడిగి ఎనిమిది తీసిందనుకుందాం. మొద్దుకు 300. ట్రైలర్ కిరాయి 12,000. మొద్దుకు వంద మిగులుతోంది కాబట్టి 120 మొద్దులు దాటాకే పొక్లెయిన్ లాభం. పాత పద్ధతిలో 10 మీటర్ల దూరంతో వేసిన తోటలో ఎకరాకు 40 చెట్లు ఉంటాయి, అంటే మూడెకరాలు. ఇవి లెక్క చూపించడానికి వేసిన అంకెలు. మీ ఊరి రేట్లు పెట్టి మళ్లీ వేసుకోండి. గంటకు ఎన్ని తీస్తుందో తెలియాలంటే బేరం ఖాయం చేసుకునే ముందే ఒక గంట పని చేయించి చూడటం ఒక్కటే దారి. పక్కపక్క రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేసారి పిలిస్తే ట్రైలర్ కిరాయి పంచుకోవచ్చు. మా వైపు ఇప్పుడు అలాగే చేస్తున్నారు.

14 టన్నుల బండి దొరికితే నా మొదటి ఓటు దానికే. మామిడికి సరిపడా బలం ఉంటుంది, నేల అంతగా అణగదు.

కొబ్బరి, పామాయిల్

వీటికి తల్లివేరు లేదు, పీచు వేర్లే. తీయడం తేలికే, తీశాక పడేసే చోటే తప్పులు జరుగుతాయి. కుళ్లే మానుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి పెరుగుతుంది. పక్కనున్న లేత మొక్కలన్నింటినీ అది తినేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లు కుప్పలుగా కూలినప్పుడు, ఆ మానులను ఎలా తీయాలన్నది రైతులకు పెద్ద సమస్య అయింది.

పామాయిల్‌కు పొక్లెయిన్ ఎందుకు మేలంటే, చెట్టు తోసేశాక అదే బకెట్ పళ్లతో మానును పలచటి బిళ్లలుగా చీల్చి పొలమంతా పరిచేస్తుంది. అవి తొందరగా ఎండిపోతే పురుగు పెరగదు, ఎరువు నేలకే దక్కుతుంది. జేసీబీతో ఆ పని సరిగా కాదు. 1990ల్లో వేసిన తోటలు ఇప్పుడు గెల కోయలేనంత ఎత్తు పెరిగాయి. వాటిని తీసి మళ్లీ పామాయిలే వేసేవాళ్లకు 2021లో మొదలైన జాతీయ వంట నూనెల పామాయిల్ మిషన్‌లో మొక్కకు 250 రూపాయల చొప్పున ప్రత్యేక సాయం పెట్టారు. అది ఇప్పుడు ఉందో లేదో, దరఖాస్తు సంగతీ తీసే ముందే కనుక్కోండి.

మిగతావి

ముందు పెద్ద పలకతో మట్టిని నెట్టే డోజర్ గురించి కొందరు గొప్పగా చెబుతారు. పదుల ఎకరాలు ఒకేసారి తీసే కంపెనీలకు సరే. మన అయిదెకరాలకు అది పైమట్టిని చెక్కి కుప్పల్లో కలిపేస్తుంది. ఏళ్ల తరబడి ఆకు రాలి బలపడిన ఆ అరడుగు మట్టి కంటే విలువైనది తోటలో ఏదీ లేదు. నేనైతే వద్దంటాను.

ట్రాక్టర్‌కు గొలుసు కట్టి లాగడం ప్రాణాలతో ఆట. గొలుసును ఎత్తులో కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి, డ్రైవర్ మీదికే తిరగబడుతుంది. ఇనుప తాడు తెగితే కొరడాలా కొడుతుంది. చిన్న జామ మొక్కల కంటే పెద్దదానికి దీన్ని అసలు తలపెట్టొద్దు.

మొద్దును పొట్టుగా చేసే మిషన్లు నగరాల్లో అక్కడక్కడా దొరుకుతాయి. నేల కింద అడుగు లోపు వరకే అరగదీస్తాయి, పక్కవేర్లు అలాగే ఉంటాయి. ఇంటి గోడ పక్కనో, పైపులైను మీదో ఉన్న ఒకటి రెండు చెట్లకు అవి మంచివి. తోటకు కాదు. ట్రాక్టర్ వెనక తిరిగే పీటీవో షాఫ్ట్‌తో నడిచే ష్రెడర్ మాత్రం పనికొచ్చే వస్తువు. వ్యాపారి వదిలేసిన రెమ్మల్ని, సన్న కొమ్మల్ని తుక్కు చేసి పాదుల్లో కప్పుకోవచ్చు. అద్దెకు దొరికితే తప్పకుండా వాడండి, రెమ్మల కుప్పకు నిప్పు పెట్టే అవసరం రాదు.

తర్వాత ఏం వేస్తారు?

అసలు ఎంపిక ఇక్కడ జరగాలి. మళ్లీ మామిడే దగ్గర దగ్గరగా వేసేవాళ్లయితే, ప్రతి మొద్దూ తీయాల్సిన పని లేదు. పాత వరసల మధ్యలో కొత్త గుంతలు పడేలా కొలుచుకుని, అడ్డం వచ్చే మొద్దులు మాత్రమే తీయించుకోవచ్చు. నేలబారుగా కోసిన మొద్దులు కొన్నేళ్లకు చెదపట్టి పోతాయి. కాకపోతే మామిడి మొద్దు చిగురు వేస్తుంది, ఏడాది పాటు ఆ చిగుళ్లు తుంచుతూ ఉండాలి. పామాయిల్‌ను ఎకరాకు 57 మొక్కలు త్రికోణంలో వేస్తారు కాబట్టి పాత వరసలతో కుదరదు, మొద్దులు చాలావరకు తీయక తప్పదు.

మొక్కజొన్న, కూరగాయలు వేయాలంటే మాత్రం రెండడుగుల లోతు వరకు వేరన్నది ఉండకూడదు. లేకపోతే రోటవేటర్ బ్లేడ్లు రోజూ విరుగుతాయి. దీనికి పొక్లెయిన్‌తో మొద్దులు, తర్వాత అడుగు మట్టిని లోతుగా చీల్చే సబ్‌సాయిలర్, ఆ తర్వాత కల్టివేటర్ రెండు సాళ్లు, ప్రతి సాలు వెనకా వేర్లు ఏరే కూలీలు. ఈ ఏరుడు ఖర్చును ఎవరూ ముందు లెక్కలో వేయరు. మాకు మిషన్ ఖర్చు తర్వాత ఎక్కువ పోయింది దానికే.

బేరం, పని

గంట లెక్కకా, చెట్టుకింత అని గుత్తకా? చెట్లన్నీ ఒకే లావు ఉంటే గుత్తకివ్వండి, కానీ "వేరు ఎంత లోతు వరకు తీయాలి, గుంత ఎవరు పూడ్చాలి, మొద్దులు ఎక్కడ కుప్ప వేయాలి" ఈ మూడూ ముందే మాట్లాడుకోండి. గుత్తకు ఇస్తే పైపైన లాగేసి వెళ్లిపోయే అవకాశం ఎక్కువ. గంట లెక్కకైతే మీటర్ రీడింగ్‌ను పొద్దున, సాయంత్రం ఫోన్‌లో ఫొటో తీసుకోండి. డీజిల్ ఎవరిది, ఆపరేటర్ బత్తా ఎవరిది, కనీసం ఎన్ని గంటలకు డబ్బు కట్టాలి అన్నవి కూడా మాట్లాడుకోవాల్సినవే.

వ్యాపారికి చెట్లు అమ్మే కాగితం మీద "నేల నుంచి నాలుగడుగులు వదిలి కోయాలి, మొద్దు లేచాక ఆ ముక్క కూడా నీదే" అని రాయించండి. ఆ ముక్క కలప అతనికి దక్కకుండా పోదు, మనకు పట్టు దొరుకుతుంది. ఇద్దరికీ నష్టం లేని మాట ఇది.

మిషన్ వచ్చే ముందు రోజు పొలంలో డ్రిప్ సన్న పైపులు (లాటరల్స్) చుట్టేయండి. మెయిన్ పైపు, బోరు కేబుల్ ఎటు పోతున్నాయో సున్నంతో గీతలు వేయండి. కరెంటు తీగల కింద చెట్లుంటే లైన్‌మన్‌ను పిలిచి సప్లై ఆపించాకే ముట్టుకోండి. కొమ్మల్లో తేనెపట్టు, కందిరీగల గూళ్లు ఉన్నాయేమో కూడా ఒకసారి చూసుకోండి.

నేల తడి కూడా ముఖ్యం. మాలాంటి ఎర్ర నేలల్లో మంచి వాన పడి మూడు నాలుగు రోజులు ఆరాక వేళ్లు మెత్తగా లేస్తాయి. నడివేసవిలో అదే నేల సిమెంటులా బిగుసుకుని బకెట్ పళ్లు అరగగొడుతుంది. నల్లరేగడిలో దీనికి వ్యతిరేకం. తడి ఉన్నప్పుడు బండి దిగితే నేల అణిగి గట్టిపడుతుంది, చక్రాల బండి అయితే దిగబడుతుంది. అక్కడ ఎండలోనే తీయాలి.

మొద్దులు లేచాక గుంతల్ని కింది మట్టితో మొదలుపెట్టి, పైన పైమట్టితో పూడ్చమని దగ్గరుండి చెప్పండి. కట్టెముక్కలు, వేర్లు గుంతలో వేసి కప్పేస్తామంటే ఒప్పుకోకండి, చెద పట్టడమే కాక అవి కుళ్లేకొద్దీ నేల కుంగుతుంది. ఎంత బాగా పూడ్చినా తొలకరి వానలకు గుంతలు ఒక జానెడు దిగుతాయి. దుక్కి దున్నే ముందు జేసీబీని ఇంకో రెండు గంటలు పిలవాల్సి వస్తుంది, ఆ డబ్బు ఇప్పుడే పక్కన పెట్టుకోండి.